అమ్మమ్మ ఫ్రిజ్‌లో 52 డిగ్రీలు

మా అమ్మమ్మ గదిలో ఉన్న ఫ్రిజ్ నా నడుం ఎత్తు కూడా ఉండదు. హాస్టల్ పిల్లలు కొనుక్కునే రకం. దాని మీద వెంకన్న ఫొటో, కళ్లజోడు డబ్బా, టీవీ రిమోట్. తలుపుకి ఒక కాగితం టేపుతో అంటించి ఉండేది. లోపల చల్లదనం ఎంత ఉందో నర్సింగ్ హోమ్ వాళ్లు రోజూ రాయాల్సిన చార్టు అది. జూలై నెల చార్టులో ఒకటో తారీఖు నుంచి పదమూడు దాకా అన్నీ 38లే. ఒకటే నీలం పెన్ను, ఒకటే వాలు.

పద్నాలుగో తారీఖు, సోమవారం రాత్రి అమ్మమ్మకి వాంతులు మొదలయ్యాయి.

తెల్లవారేసరికి అంబులెన్సులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. 84 ఏళ్ల మనిషి. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఒంట్లో నీరు తగ్గి, బీపీ పడిపోయి ఆవిడ కళ్లు కూడా తెరవట్లేదని చెబుతూ మామయ్య ఫోన్లో మాట పూర్తి చేయలేకపోయాడు. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. ఏం తినడం వల్ల ఇలా అయిందో ఖాయంగా చెప్పలేం అన్నాడు డాక్టరు. సోమవారం రాత్రి ఆవిడ తిన్నదేంటో మాత్రం మాకు తెలుసు. ముందు రోజు మేమే తెచ్చి ఆ ఫ్రిజ్‌లో పెట్టిన కొబ్బరన్నం.

మంగళవారం సాయంత్రం ఆవిడ బట్టలు తీసుకెళ్లడానికి గదికి వెళ్లి, ఎందుకో ఫ్రిజ్ తెరిచాను. చెయ్యి పెడితే చల్లగా తగల్లేదు. చార్టులో 38 అని రాయాలంటే లోపల థర్మామీటరు ఉండాలి కదా, దానికోసం వెతికాను. పై అరలో లేదు, కింద లేదు, తలుపు అరలో లేదు. అసలు థర్మామీటరే లేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. సర్వర్ పడిపోయినా డ్యాష్‌బోర్డు మీద పచ్చ లైటు వెలుగుతూ ఉండటం మాకు కొత్తేం కాదు. కానీ ఆ పచ్చ లైటు వెనకాల మా అమ్మమ్మ ఉండటం అదే మొదటిసారి.

పక్కనే ఉన్న షాపుకెళ్లి ఒక ఫ్రిజ్ థర్మామీటరు కొన్నాను. అయిదారు డాలర్లు. గ్లాసులో నీళ్లు పోసి, అందులో థర్మామీటరు వేసి మధ్య అరలో పెట్టి వచ్చాను. తలుపు తీసినప్పుడల్లా గాలి వేడి మారిపోతుంది, నీళ్ల వేడి అంత తొందరగా మారదు. తిండి ఎంత చల్లగా ఉందో నీళ్లే నిజం చెబుతాయి. బుధవారం పొద్దున వెళ్లి చూస్తే 52 ఫారెన్‌హీట్. మన లెక్కలో 11 సెల్సియస్. ఉండాల్సింది 40, అంటే 4 సెల్సియస్, లేదా అంతకన్నా తక్కువ.

ఆ గది, ఆ ఫ్రిజ్ ఎందుకంటే

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన ఊళ్లలో నర్సింగ్ హోమ్ అంటే డెలివరీలు, చిన్న ఆపరేషన్లు చేసే ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అర్థం వేరు. సొంతంగా లేవలేని, స్నానం చేయలేని, ఇరవై నాలుగ్గంటలూ నర్సు అవసరమైన పెద్దవాళ్లు ఉండే చోటు. కొందరు నెలో రెండు నెలలో ఉండి ఇంటికెళ్తారు. చాలామందికి అదే ఇల్లు. దేశం మొత్తం మీద ఇలాంటివి సుమారు 15,000 ఉన్నాయి.

అమ్మమ్మని అక్కడ పెట్టారా అని పాలకొల్లులో చుట్టాలు ఇప్పటికీ మామయ్యని ఎత్తిపొడుస్తూనే ఉంటారు. న్యూజెర్సీలో మామయ్య, అత్తయ్య ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్తేగానీ ఇల్లు గడవదు. అమ్మమ్మని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఎనిమిది నెలలు ఇంట్లోనే చూసుకుని, అత్తయ్య నడుం పట్టేశాక ఈ నిర్ణయానికి వచ్చారు. నేను ఎమ్మెస్ కోసం వచ్చి ఇక్కడే ఉద్యోగంలో చేరాను కాబట్టి ఆదివారాలు నేనూ వెళ్తాను. ఎత్తిపొడిచేవాళ్లకి జవాబు చెప్పే ఓపిక మాకు ఎప్పుడో పోయింది.

అక్కడ చూసుకోవడం బాగానే చూసుకుంటారు. సమస్యల్లా తిండి. ఉడకబెట్టిన క్యారెట్, మెత్తటి పాస్తా, తియ్యటి పెరుగు. అమ్మమ్మకి వయసొచ్చాక గోదావరి నీళ్ల రుచి మర్చిపోయినా ఫర్వాలేదు గానీ, పప్పులో ఇంగువ లేకపోతే ముద్ద దిగదు. మొదటి రెండు నెలల్లో బాగా చిక్కిపోయింది. అప్పుడే ఈ చిన్న ఫ్రిజ్ వచ్చింది. శనివారం అత్తయ్య వండటం, ఆదివారం మేం తీసుకెళ్లడం, వారంలో మూడు నాలుగు రోజులు ఆవిడ అదే తినడం. బరువు నిలబడింది. మనిషి మళ్లీ నన్ను 'ఒరేయ్' అని పిలవడం మొదలుపెట్టింది.

అందుకే గురువారం నర్సింగ్ హోమ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నాకు నోట మాట రాలేదు. 'శుక్రవారం లోపల ఫ్రిజ్ తీసుకెళ్లిపోండి, ఇకమీదట బయటి తిండి గదిలో నిల్వ పెట్టకూడదు' అన్నారు. అప్పటికే అందులో ఉన్నవన్నీ పారేశారు. తారీఖు రాసి లేదని ఆవకాయ సీసా కూడా పారేశారు. మొత్తం ఫ్రిజ్‌లో కాస్త నమ్మదగ్గది ఏదన్నా ఉందంటే అదొక్కటే. ఉప్పు, నూనె, పులుపు, కారం కలిసిన చోట తిండిని విషం చేసే క్రిములు బతకడం కష్టం. ప్రమాదం ఉన్న కొబ్బరన్నం, సేమ్యా పాయసం మాత్రం అంతకుముందు వరకు హాయిగా అందులో కూర్చున్నాయి.

రూల్ ఏమంటుందంటే

ఆ రాత్రి కూర్చుని ఫెడరల్ నిబంధనలు చదివాను. కోపంలో ఉన్నప్పుడు నాకు నిద్ర పట్టదు, డాక్యుమెంటేషన్ చదవడం మాత్రం వస్తుంది.

1987లో అమెరికాలో నర్సింగ్ హోమ్‌ల సంస్కరణ చట్టం వచ్చింది. అందులో ఉండేవాళ్లని పేషెంట్లు అనరు, రెసిడెంట్లు అంటారు. గదిలో చోటున్నంత మేరకు సొంత వస్తువులు పెట్టుకునే హక్కు వాళ్లకి ఉంది. అది పక్కవాళ్ల హక్కులకీ ఆరోగ్యానికీ అడ్డం రాకూడదు, అంతే. 2016లో నిబంధనలు సవరించినప్పుడు ఇంకో సంగతి చేర్చారు. ఇంటివాళ్లు, చూడ్డానికి వచ్చినవాళ్లు తెచ్చే తిండిని ఎలా నిల్వ చేయాలి, ఎలా వడ్డించాలి అన్నదానికి ప్రతి నర్సింగ్ హోమ్‌కీ ఒక విధానం ఉండి తీరాలి. కిచెన్‌లోకి సరుకు ఎక్కడినుంచి రావాలో చెప్పే రూల్ ఉంది గానీ, రెసిడెంటు బయటి తిండి తినకూడదనే రూల్ లేదని అదే నిబంధనలో స్పష్టంగా రాశారు.

గదిలో ఫ్రిజ్ సంగతికొస్తే ఏ హోమ్ పద్ధతి ఆ హోమ్‌ది. కొన్ని చోట్ల ఒప్పుకోరు, అంతస్తుకొక ఉమ్మడి ఫ్రిజ్ ఉంటుంది. ఒప్పుకునే చోట ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు గదుల్లోని ఫ్రిజ్‌లు కూడా తెరిచి చూస్తారు. ఆ రిపోర్టులు ఎవరైనా చదువుకోవచ్చు. మెడికేర్ వాళ్ల 'కేర్ కంపేర్' వెబ్‌సైట్‌లో ఉంటాయి, పైగా ప్రతి హోమ్ తన తాజా రిపోర్టుని అందరికీ కనిపించేలా పెట్టాలి. నేను ఓ పాతిక దాకా చదివాను. ఒకే కథ మళ్లీ మళ్లీ. థర్మామీటరు లేదు. చార్టులో వారం రోజులు ఖాళీ. తారీఖు లేని డబ్బాలు. గడువు దాటిన పాలు. ఎవరిని అడిగినా ఒకటే జవాబు. నర్సులు ఇంటివాళ్లు చూసుకుంటారనుకున్నారు, ఇంటివాళ్లు నర్సులు చూసుకుంటారనుకున్నారు.

మేమూ అచ్చం అలాగే అనుకున్నాం.

వాసన వస్తే కదా తెలిసేది

మన ఇళ్లలో తిండి పాడైందో లేదో తేల్చేది ముక్కు. అత్తయ్య డబ్బా మూత తీసి ఒకసారి వాసన చూసి 'బాగానే ఉంది' అంటే అది సుప్రీంకోర్టు తీర్పు. చిక్కేమిటంటే, తిండిని పులియబెట్టి, బూజు పట్టించి కంపు కొట్టించే క్రిములు వేరు, మనిషిని ఆసుపత్రిలో పడేసే క్రిములు వేరు. రెండోరకం వాటికి చాలాసార్లు వాసనా ఉండదు, రుచీ మారదు. పైగా ముసలితనంలో ముక్కూ నాలుకా మొద్దుబారతాయి.

అన్నం సంగతే తీసుకోండి. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి విత్తనాల్లాగా దాక్కుని ఉంటుంది. ఉడికించినా ఆ విత్తనాలు చావవు. వండిన అన్నాన్ని గోరువెచ్చగా గంటల తరబడి వదిలేస్తే అవి మొలకెత్తి, పెరిగి, ఒక విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు. పాతికేళ్లవాడికైతే ఒక పూట బాత్రూమ్ చుట్టూ తిరిగితే సరిపోతుంది. 84 ఏళ్ల మనిషికి ఒంట్లో నీళ్లు పోవడమే ప్రాణం మీదికొస్తుంది.

'మరి చద్దన్నం తిని పెరగలేదా' అని అడిగేవాళ్లకి: పెరిగాం. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో మజ్జిగో పోస్తే తెల్లారేసరికి పులిసేది, పొలం వెళ్లే మనిషి పొద్దున్నే తినేసి వెళ్లేవాడు. నాలుగు రోజులు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకుని, పక్షవాతం మందులు వేసుకునే మనిషి తినేవాళ్లు కాదు.

ఇంకోటి లిస్టీరియా. ఇది ఫ్రిజ్ చలిలో కూడా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. 65 దాటినవాళ్లు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు దీనికి తేలిగ్గా దొరికిపోతారు. తిన్న కొన్ని వారాలకి కూడా జబ్బు బయటపడొచ్చు కాబట్టి ఏది తిని వచ్చిందో పట్టుకోవడం కష్టం. 2025 ఫిబ్రవరిలో అమెరికాలో ఆసుపత్రులకీ నర్సింగ్ హోమ్‌లకీ సరఫరా అయ్యే గడ్డకట్టిన పోషకాహార షేక్‌లలో లిస్టీరియా బయటపడింది. పది మందికి పైగా చనిపోయారు. ఆ కేసులు 2018 దాకా వెనక్కి వెళ్లాయి. బలం కోసం తాగించినవి అవి! ఫ్రిజ్ చల్లగా ఉంటే చాలదు, అందులో తిండి ఎన్ని రోజులు కూర్చుందన్నది కూడా లెక్కే అని దాంతో నాకు అర్థమైంది.

బగ్‌ని మళ్లీ రప్పించడం

శుక్రవారం ఫ్రిజ్‌ని కారు వెనక సీట్లో పడుకోబెట్టి నా అపార్ట్‌మెంటుకి తెచ్చుకున్నాను. మా ఆఫీసులో ఒక ఆచారం ఉంది, బగ్‌ని మన కంప్యూటర్లో మళ్లీ రప్పించి చూడకుండా సరిచేశాం అనకూడదు. ఫ్రిజ్‌ని ఒక రోజు నిలబెట్టి ఉంచి, ఆన్ చేసి, ఫోన్‌కి రీడింగులు పంపే చిన్న బ్లూటూత్ థర్మామీటరు లోపల పెట్టాను. ఇంట్లో ఏసీని 78 మీద పెట్టాను. నర్సింగ్ హోమ్ గదులు 71 నుంచి 81 ఫారెన్‌హీట్ మధ్య ఉండాలని రూల్. పెద్దవాళ్లకి చలి కాబట్టి అమ్మమ్మ గది ఎప్పుడూ పై అంచులోనే ఉంటుంది. చిన్న ఫ్రిజ్‌కి వేడి గది అంటే ఎండలో బస్తా మోయడం లాంటిది.

వెనకాల ఒక చిన్న డయల్ ఉంది, 1 నుంచి 7 దాకా. అది 1 మీద ఉంది. చాలామంది 1 అంటే ఎక్కువ చల్లదనం అనుకుంటారు. కాదు, నంబరు పెరిగేకొద్దీ చల్లదనం పెరుగుతుంది. 1 మీద నాకు 50, 52 వచ్చింది. 4 మీద పెడితే రాత్రికల్లా 38కి దిగింది. మరి 1 మీదికి ఎవరు తిప్పారు?

ఆసుపత్రి నుంచి వచ్చిన అమ్మమ్మని అడిగాను.

"నేనే తిప్పానురా. పెరుగు గడ్డకట్టి పోతోంది. పళ్లు జివ్వుమంటున్నాయి. ఆ నల్లమ్మాయిని అడిగి తిప్పించుకున్నా" అంది. అని, నా మొహం చూసి, "తప్పా?" అంది.

తప్పు కాదు. ఈ రకం ఫ్రిజ్‌లో ఐసు పలక పైనే ఉంటుంది. దాని కింద పెట్టింది గడ్డకడుతుంది, తలుపు అరలో ఉన్నది వెచ్చబడుతుంది. పెరుగు డబ్బా సరిగ్గా ఆ పలక కిందే పెట్టేవాళ్లం. పెరుగుని కింది అరలోకి మారిస్తే అయిపోయేది. ఈ ముక్క ఆవిడకి చెప్పేవాళ్లు లేరు, మేమూ చూసుకోలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే నాకు కులాసాగా ఉండేది. చార్టు అబద్ధం, డయల్ పొరపాటు, తప్పంతా వాళ్లది. కానీ ప్రయోగం మొదలుపెట్టాక పూర్తిగా చేయాలి కదా. ఆ శనివారం అత్తయ్యని ఎప్పటిలాగే వండమన్నాను, ఎప్పుడు ఏం చేసిందో గడియారం చూసి రాసుకున్నాను. సాయంత్రం ఏడింటికి కొబ్బరన్నం, ముద్దపప్పు, దొండకాయ వేపుడు, పాయసం దించింది. వేడివేడిది ఫ్రిజ్‌లో పెడితే ఫ్రిజ్ పాడవుతుందని మూతలు పెట్టి పొయ్యి మీదే వదిలేసింది. రాత్రి పదకొండున్నరకి లోపల పెట్టింది. అంటే నాలుగున్నర గంటలు. ఆదివారం పదిన్నరకి డబ్బాలు సర్ది బయల్దేరాం. దారిలో గుడి. డబ్బాలు కారులో, కారు ఎండలో. ఒంటిగంటకి చేరాల్సిన వేళ దాకా అలాగే తిప్పి, మూడింటి దాకా అమ్మమ్మ గదిలో బల్ల మీద ఉండే డబ్బాల్లాగా నా బల్ల మీద ఉంచి, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టాను.

గ్రాఫ్‌లో మూడింటి దగ్గర ఒక కొండ లేచింది. 38 ఉన్నది 55కి ఎక్కింది, మళ్లీ 40కి దిగేసరికి అర్ధరాత్రి దాటింది. డయల్ 4 మీద ఉండగానే! చిన్న ఫ్రిజ్ చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచగలదు గానీ, అయిదు డబ్బాల వెచ్చటి తిండిని చల్లబరిచే శక్తి దానికి లేదు.

40 నుంచి 140 ఫారెన్‌హీట్ మధ్య, అంటే 4 నుంచి 60 సెల్సియస్ మధ్య, క్రిములు వేగంగా పెరుగుతాయి. వండిన తిండి అక్కడ రెండు గంటలకి మించి ఉండకూడదు. బయట ఎండ 90 దాటితే గంటే. మా కొబ్బరన్నం ఆ మధ్యలో ఎంతసేపు తిరిగిందో కూడితే పన్నెండు గంటలు దాటింది. అమ్మమ్మ ఫ్రిజ్ సరిగ్గా ఉన్నా కూడా ఆ అన్నం అక్కడికి చేరేటప్పటికే పని అయిపోయి ఉండొచ్చు.

ఈ సంగతి అత్తయ్యకి చెప్పడం నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. అయిదు రోజులు ఆఫీసు, ఆరో రోజు సాయంత్రమంతా అత్తగారి కోసం వంట. ఆ మనిషికి గ్రాఫ్ చూపించాను. కాసేపు చూసి, ఏం మాట్లాడకుండా లేచెళ్లి సింకులో గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. మామయ్య నా వైపు చూశాడు. నేను ఫోన్ మూసేశాను. తర్వాత వారం రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడింది. ఆ మంగళవారం రాత్రి పదింటికి వాట్సాప్‌లో ఒక మెసేజ్: 'వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిస్తే ఎంతసేపట్లో చల్లారుతుంది?'

118 నుంచి 112

ఈలోగా అమ్మమ్మ తినడం మానేసింది. మారాం కాదు, అలకా కాదు. రెండు ముద్దలు తిని చాలంటుంది. మూడు వారాల్లో 118 పౌండ్ల నుంచి 112కి వచ్చింది. నెలలో 5 శాతం బరువు తగ్గితే నర్సింగ్ హోమ్ దాన్ని సీరియస్‌గా తీసుకుని తీరాలి. డైటీషియన్ మీటింగు పెట్టింది. విషపు తిండి ఒక ప్రమాదం, అసలు తిండే లేకపోవడం ఇంకో ప్రమాదం. ఫ్రిజ్ తీసేసినవాళ్లు మొదటిదాన్నే లెక్కేసుకున్నారు. నా బాధ అదే.

మీటింగుకి వార్డు చూసే హెడ్ నర్సు, డైటీషియన్, సోషల్ వర్కరు వచ్చారు. మేం మామయ్య, నేను. నేను మూడు కాగితాలు తీసుకెళ్లాను. నిబంధన, 38ల చార్టు ఫొటో, నా గ్రాఫ్. రాష్ట్రంలో నర్సింగ్ హోమ్ రెసిడెంట్ల తరఫున మాట్లాడే అంబుడ్స్‌మన్ నంబరు కూడా జేబులో పెట్టుకున్నాను. ప్రతి రాష్ట్రంలోనూ ఉంటారు, పైసా ఖర్చు లేదు. దాన్ని బయటికి తీయాల్సిన పని పడలేదు. ఎందుకంటే ముందు మా తప్పు చెప్పాను. పన్నెండు గంటల లెక్క చెప్పగానే గదిలో వేడి తగ్గింది. హెడ్ నర్సు కూడా చార్టు సంగతి ఒప్పుకుంది. వసంతకాలంలో థర్మామీటరు పగిలిందట, కొత్తది అడిగారట, రాలేదట. చార్టు ఖాళీగా ఉంటే మాటొస్తుంది కాబట్టి రాత్రి డ్యూటీ వాళ్లు పైనున్న అంకెనే కిందికి దించుకుంటూ పోయారు. రాత్రంతా అన్ని గదులు తిరిగే మనిషికి ఫ్రిజ్ అంకె ఎన్నో పనో నేను ఊహించగలను. అయినా కోపం పూర్తిగా పోలేదు, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఒప్పందం ఇదీ. ఫ్రిజ్ వెనక్కి వస్తుంది. డయల్ 4 మీద పెట్టి టేపు వేయాలి. నీళ్ల గ్లాసులో థర్మామీటరు, సాయంత్రం డ్యూటీవాళ్లు చూసి రాస్తారు, ఆదివారం మేం ఫొటో తీస్తాం. 41 దాటితే మాకు ఫోన్. ప్రతి డబ్బా మీద తారీఖు, మూడు రోజులు దాటితే పారేయడం. తిండి గదిలో కాకుండా స్టాఫ్ ప్యాంట్రీలో 165 ఫారెన్‌హీట్ దాకా వేడి చేసి, నోరు కాలకుండా చల్లార్చి ఇస్తారు. పక్షవాతం తర్వాత మింగడం ఎలా ఉందో స్పీచ్ థెరపిస్టు మళ్లీ చూసి, చారు పల్చగా ఉండకూడదంది.

అన్నిటికన్నా పనికొచ్చిన ఆలోచన డైటీషియన్‌ది. "అన్నం మీరెందుకు మోసుకొస్తారు? మా కిచెన్‌లో రోజూ వండుతాం, వేడిగా ఇస్తాం" అంది. మాకు తట్టనే లేదు! ఇప్పుడు అన్నం వాళ్లది. మేం తెచ్చేది కంది పొడి, కరివేపాకు పొడి, నెయ్యి, ఆవకాయ. వీటికి ఫ్రిజ్ పట్టింపు పెద్దగా లేదు, తడి చెంచా పెట్టకుండా చూస్తే చాలు. ఫ్రిజ్‌లో రెండు చిన్న డబ్బాల కూర, ఒక పప్పు, పెరుగు. అత్తయ్య శనివారం బదులు ఆదివారం పొద్దున వండుతోంది. పళ్లేల్లో పరిచి, ఫ్యాన్ కింద పెట్టి, ఫ్రిజ్‌లో చల్లబరిచి, ఐసు ప్యాకులున్న సంచిలో సర్దుతుంది. గుడికి తిరిగొచ్చేటప్పుడు వెళ్తున్నాం. కొబ్బరన్నం, పాయసం మాత్రం అక్కడికక్కడ తినేవే. మిగిలితే నేను తినేస్తాను, అది నాకు శిక్షేం కాదు.

స్టిక్కర్ల దగ్గర ఒక చిక్కొచ్చింది. అమ్మమ్మకి ఇంగ్లిషు రాదు, నర్సులకి తెలుగు రాదు. అందుకని ఒక్కో డబ్బాకి రెండు స్టిక్కర్లు, శుక్లాల కంటికి ఆనేంత పెద్ద అక్షరాల్లో. 'బుధవారం దాకా' అని తెలుగులో, పక్కన ఇంగ్లిషులో తారీఖు. ఘానా నుంచి వచ్చిన నర్సింగ్ అసిస్టెంటు ఒకావిడ ఇప్పుడు 'పప్పు' అన్న అక్షరాలు గుర్తుపడుతోంది. వాటిని రెండు నత్తలు అంటుంది.

హైదరాబాద్‌లో ఉన్న నా ఫ్రెండ్‌కి ఇదంతా చెబితే, వాళ్ల నాన్నగారు ఉంటున్న వృద్ధాశ్రమం గదిలో కూడా ఇలాంటి ఫ్రిజ్ ఉందనీ, కొన్న రోజు నుంచి తను ఒక్కసారి కూడా లోపల చెయ్యి పెట్టి చూడలేదనీ అన్నాడు. అక్కడ పైగా కరెంటు గొడవ. తలుపు తీయకుండా ఉంచితే పెద్ద ఫ్రిజ్ కరెంటు లేకుండా సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న చిన్నదాని మీద అంత నమ్మకం పెట్టుకోకూడదు. వాడు వెంటనే ఆన్‌లైన్లో థర్మామీటరు ఆర్డరు పెట్టాడు. నాన్నగారు ఫోన్లో, 'నాకు జ్వరమేం లేదురా' అన్నారట.

అమ్మమ్మ ఇప్పుడు 116 పౌండ్లు. మొన్న ఆదివారం డబ్బాలు సర్దుతుంటే కుర్చీలోంచి అన్నీ గమనిస్తోంది.

"ఎంతుందిరా?"

"ముప్ఫై ఎనిమిది అమ్మమ్మా."

"వంగి చూశావా, అలా చెప్పేశావా?"

మోకాళ్ల మీద కూర్చుని, గ్లాసు బయటికి లాగి చూశాను. 39. చార్టులో 39 అని రాశాను. పై గడిలో 37 ఉంది, దాని పైన 40. నల్ల పెన్ను ఒకటి, నీలం పెన్ను ఒకటి.